‘అంటుకొను’ : స్పర్శార్థము, దహనార్థము

మంట పుట్టుటను దెలుపు తెలుగు క్రియలలో ‘అంటుకొను’ మిక్కిలి వాడుక గలది. ‘పాక అంటుకొన్నది’ అన్నచో, నిప్పను మాట లేకున్నను అర్థమునకు లోపము లేదు. కాని ధాతువున అగ్ని లేదు. ‘అంటు’ అనగా తాకుట, అతుకుకొనుట. చేతికి జిగురంటును, బట్టకు మరక యంటును, మామిడికొమ్మను వేఱొక మొక్కతో నతికి ‘అంటు’ కట్టుదురు. ఇన్నింటను గల సామాన్యార్థము సంసర్గ మొక్కటియే.

మఱి దహనార్థ మెట్లు కలిగినది? నిప్పు ఒకదానినుండి మఱొకదానికి తాకియే ప్రాకును. కావున కారణమును జెప్పు పదము కార్యమునకు వాచకమైనది. ఆలంకారికులు దీనిని లక్షణ యందురు. వాడుకచే స్థిరపడినందున నిది నిరూఢలక్షణ. ఈ మార్గ మొక్క క్రియకే పరిమితము గాదు. ‘ముట్టు’ నుండి ‘ముట్టించు’, ‘తగులు’ నుండి ‘తగులబడు’ ఇట్లే యేర్పడినవి. హిందీలోని ‘ఆగ్ లగ్‌నా’ యందును తగులుటయే మూలార్థము.

అయినను ఇవి పర్యాయపదములు కావు. చుట్ట ముట్టింతురు, వత్తి యంటింతురు; ఇల్లు తగులబడును. మొదటి రెండును ఆరంభమును దెలుపగా మూడవది నాశమును దెలుపును. కావుననే తిట్టునందు ‘తగులబడు’ వినవచ్చును గాని ‘అంటుకొను’ వినరాదు. ‘రాజుకొను’ అనునది కొలదికొలదిగా లోనుండి పెరుగు నిప్పు. అందుచే కలహము రాజుకొనును, రోగ మంటుకొనును. ‘జలుబు రాజుకొన్నది’ అని యెవ్వరు ననరు. మూలార్థము మఱుగుపడినను ప్రయోగమును శాసించుచునే యున్నదనుట కిది నిదర్శనము.

ఇక విచారింపదగిన దొకటి కలదు. అంటు, ముట్టు అను రెండును మైలకు పేళ్లైనవి. ‘అంటరానితనము’ ఈ ధాతువునుండియే పుట్టినది. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణమున దానిని రద్దు చేసినది. పదము మాత్రము నిఘంటువున నిలిచియున్నది. నిప్పునందును రోగమునందును సంక్రమణము వస్తుధర్మము. మనుష్యునియందు మైల వస్తుధర్మము గాదు, సంఘము చేసిన యారోపము. మొదటిదానికి లోకానుభవము ప్రమాణము. రెండవదానికి ఆచారము తప్ప వేఱు ప్రమాణము లేదు. ఈ యర్థములన్నియు నిఘంటువున ఒకే పదము క్రింద వరుసగా నుండుటచే, అన్నియు సమానముగా సహజములని విద్యార్థి భ్రమపడవచ్చును. ఆ భేదమును తరగతిలో విప్పి చెప్పుట అర్థవిచారమునకు వెలుపలి పని కాదు, అర్థవిచారమే యది.