రోమ్‌కు నీళ్లిచ్చిన సేనాని

యుద్ధాలు గెలిచిన వీరులు రోమ్‌లో ఎందరో. గెలుస్తూనే మురుగుకాల్వలు కూడా బాగుచేయించినవాడు మార్కస్ అగ్రిప్ప. ఆయన తెచ్చిన నీటిదారికి రెండు వేల ఏళ్లు దాటినా ఆయువు తీరలేదు.

రోమ్‌లోని ట్రెవీ ఫౌంటెన్ ముందు ఎప్పుడూ జనమే. నాణెం విసిరి, ఫొటో దిగి కదిలిపోతారు. ఆ కట్టడం ముఖభాగాన, ఎడమవైపు పైన ఉన్న శిల్పఫలకాన్ని గమనించేది కొందరే. అందులో కాలువ నమూనాను పరిశీలిస్తున్న సేనాని అగ్రిప్ప. ఫౌంటెన్ 1762లో పూర్తయింది. దానికి నీరందించే ‘ఆక్వా విర్గో’ కాలువను ఆయన క్రీ.పూ. 19లోనే రోమ్‌కు తెచ్చాడు.

పెద్ద పదవి నుంచి చిన్న పదవికి

అగ్రిప్ప గొప్ప వంశంలో పుట్టలేదు. తొలి చక్రవర్తి అగస్టస్‌కు చిన్ననాటి స్నేహితుడు, కుడిభుజం. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర ఆంటొనీ, క్లియోపాత్రాల నౌకాదళాన్ని ఓడించింది ఆయన సారథ్యమే. విజయోత్సవ ఊరేగింపు చేస్తామంటే ఒకటికి రెండుసార్లు వద్దన్నాడు.

అంతకుముందే, క్రీ.పూ. 37లో, అత్యున్నత పదవి కాన్సుల్ దక్కింది. నాలుగేళ్ల తర్వాత నగర పనులు చూసే ఈడైల్ పదవి తీసుకున్నాడు. హోదాలో అది బాగా కింది మెట్టు. ఖజానా ముట్టకుండా రోడ్లు వేయించాడు, భూగర్భ మురుగుకాల్వల్లో పూడిక తీయించాడు. పని ఎలా జరిగిందో చూడటానికి పడవెక్కి ఆ చీకటి కాల్వలోంచే టైబర్ నది దాకా వెళ్లాడు. ఆ పదవీకాలంలో 700 నీటితొట్లు, 500 ఫౌంటెన్లు కట్టించాడని ప్రాచీన రోమన్ రచయిత ప్లీనీ రాశాడు.

నీరు పల్లమెరుగు

విర్గో పొడవు సుమారు 20 కిలోమీటర్లు. అంత దూరానికీ వాలు నాలుగు మీటర్లే. పంపు లేదు, యంత్రం లేదు. ఎక్కడ వాటం తప్పినా నీరు నిలిచిపోయేది. క్రీ.శ. 537లో గోత్ తెగవారు నగరాన్ని ముట్టడించి కాలువలను తెగ్గొట్టారు. చాలావరకు నేల కిందే సాగడంతో విర్గో పూర్తిగా నాశనం కాలేదు. తర్వాత పోప్‌లు మరమ్మతు చేయించి మళ్లీ పారించారు.

కట్టి వదిలేయలేదు

అగ్రిప్ప దూరదృష్టి తెలిసేది ఇక్కడే. కాలువల నిర్వహణకు 240 మందిని సొంతంగా పెట్టుకున్నాడు. వాళ్లు బానిసలు. రోమ్ వైభవం కింద వాళ్ల చెమట ఉందన్న నిజాన్ని దాచకూడదు. క్రీ.పూ. 12లో అగ్రిప్ప చనిపోయాక ఆ బృందం అగస్టస్‌కు దక్కింది. ఆయన దాన్ని ప్రభుత్వపరం చేశాడు. అలా ఒక వ్యక్తి ఏర్పాటు నగర వ్యవస్థగా మారింది.

రోమ్‌లోని పాంథియన్ గుడి నుదుట నేటికీ అగ్రిప్ప పేరే ఉంది. ఆయన కట్టించిన గుడి కాలిపోయింది. ఇప్పుడున్నది రెండో శతాబ్దంలో హేడ్రియన్ కాలంలో లేచింది. పేరు మాత్రం పాతదే ఉంచారు. రాతి మీద పేరు ఎవరైనా చెక్కించుకోగలరు. కట్టింది నిలవాలంటే పూడిక తీసే చేతులు, వాటికి జీతం, పైన అజమాయిషీ కావాలి. పాలకుణ్ని ప్రారంభోత్సవం నాటి పూలదండలతో కాదు, ఆయన పోయాక కూడా ఊరికి నీళ్లందుతున్నాయా అన్నదానితో కొలవాలి. ఆ కొలతకు నిలిచిన పాలకుడు అగ్రిప్ప.