నీరు నిలవని గుట్టలు

హైదరాబాద్–బెంగళూరు రహదారి మీద అనంతపురం దాటి పెనుకొండ వైపు పోతుంటే చెన్నేకొత్తపల్లి వస్తుంది. అక్కడి నుంచి రామగిరి, రొద్దం మండలాల దాకా పరుచుకున్న గుట్టలను కారు అద్దంలోంచి చూసి "ఏముందిక్కడ, అన్నీ రాళ్ళే" అనుకుని సాగిపోతారు చాలామంది. రాళ్ళే, కాదనలేం. కానీ ఆ రాళ్ళ సందుల్లో ఉన్న జానెడు మట్టి మీదే కింది ఊళ్ళ బావులు, చెరువులు, వేల జీవాలు ఆధారపడి ఉన్నాయి.

ఈ గుట్టల అడుగున ఎక్కువగా ఉన్నది గ్రానైట్, నైస్. వయసు 250 కోట్ల ఏళ్ళకు పైమాటే. రామగిరి దగ్గర మాత్రం ఇంకో రకం రాతిపట్టీ ఉంది, దాన్లో బంగారం కూడా తవ్వారు. ఆ గని మూతపడింది కాబట్టి దాని ఊసు ఇక్కడితో సరి. మన మట్టి పుట్టింది గ్రానైట్ నుంచి. ఎండకు ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని బండ పగుళ్ళిస్తుంది. పగుళ్ళలోకి దిగిన వాననీరు రాతిలోని మెత్తని ఖనిజాలను బంకమన్నుగా మారుస్తుంది. పలుగురాయి మాత్రం లొంగదు, ముతక ఇసుకగా, తెల్లటి గులకలుగా మిగిలిపోతుంది. వాలు మీద పడిన వాన మెత్తని రేణువులను కిందికి ఈడ్చుకుపోతుంది, బరువైనవి పైనే ఉండిపోతాయి. గుట్ట నెత్తిన గరుసు, నడుమ ఎర్ర ఇసుకనేల, దిగువన చెరువు కింద నల్లగా జిగురు మన్ను ఉండటానికి కారణం ఇదే. వేసవిలో చెరువు పూడిక తవ్వి ఎర్రచేలకు తోలుకునే రైతు చేసేది, గుట్ట పోగొట్టుకున్న మన్నును సగం దూరం వెనక్కి తేవడమే.

మట్టి ఎరుపు కూడా దాని నడత చెబుతుంది. నీరు త్వరగా దిగిపోయే నేలలో గాలి ఆడుతుంది, రాతిలోంచి వచ్చిన ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. అదే ఇనుము నెలల తరబడి నీటిలో నానితే బూడిదరంగుకు తిరుగుతుంది. నేలల సర్వే చేసే శాస్త్రజ్ఞులు గుంట తవ్వి ముందు రంగు చూసేది అందుకే. నీరు దిగే తీరును బట్టి నేలలను వాళ్ళు ఏడు తరగతులు చేశారు. ఈ గుట్టల మట్టిది 'బాగా నీరింకే' వర్గం, బాగా వాలుగా ఉన్నచోట అంతకు మించినది కూడా. వినడానికి ఇది మెచ్చుకోలులా ఉంటుంది గానీ, పైరు పెట్టేవాడికి సగమే మెచ్చుకోలు. నీరు ఇంకడం ఒకటి, నిలవ ఉండటం ఒకటి. మట్టిలో సగం గులకే అయితే నీరు దాచుకునే చోటూ సగమే. దానికి తోడు జానెడు, మూరెడు లోతులోనే మొరం, దాని కింద బండ. పది రోజులు వాన మొహం చాటేస్తే వేరుశనగ వాడిపోతుంది. ఇక్కడి సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే, అదీ మిగతా నెలలకంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. నేల సామర్థ్యాన్ని ఎనిమిది తరగతులుగా విడదీసే లెక్కలో ఇలాంటి వాలు గుట్టలు ఆరు, ఏడు తరగతుల్లోకి వస్తాయి. నాగలికి పనికిరావు, మేతకూ అడవికీ పనికొస్తాయి.

మరి ఆ నీరంతా ఏమైపోతుంది? మొరంలోకి, అక్కడి నుంచి బండ పగుళ్ళలోకి దిగి, నిదానంగా వాలువెంట జారి వంకల్లో ఊటగా తేలుతుంది. దిగువన బావి ఉన్న రైతుకు గుట్ట మీది నేల దాచుకోలేని నీరే ఆస్తి.

రాళ్ళ వల్ల ఇంకో మేలుంది. మట్టి పైన వదులుగా పడున్న గులక వానచినుకు దెబ్బను తాను తింటుంది, ఎండకు తడి ఆరిపోకుండా కప్పుతుంది, తన అంచుల కిందుగా నీటిని లోపలికి పంపుతుంది. అదే గులక మట్టిలోకి అణిగి, చుట్టూ పెచ్చు కట్టిందంటే వ్యవహారం తలకిందులవుతుంది. నీరు ఇంకదు, పైపైనే పారి పోతుంది. రాయి అదే, పడున్న తీరు మారిందంతే. గడ్డి పోయిన చోట, జీవాల గిట్టలు ఒకేచోట పదే పదే పడిన చోట జరిగేది ఇదే. ఒక గుట్టను అతిగా మేపారా లేదా తెలుసుకోవాలంటే పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. ఎటుచూసినా తంగేడూ బందారీ తప్ప ఇంకేం కనబడకపోతే అనుమానించాలి. మేకలు కూడా పెద్దగా ఇష్టపడని పొదలవి, అందుకే మిగిలాయి.

ఈ నేలకు తగిన పంట గడ్డి. దాని వేరు అడ్డంగా, గుబురుగా అల్లుకుని జానెడు మట్టినంతా పట్టుకుంటుంది, వాన వెనుకబడితే మొదలు దగ్గర నిద్రపోయి చినుకు పడగానే చిగురిస్తుంది. గొర్రెల ఉన్నిలో గుచ్చుకుని కాపరులను విసిగించే ఒక గడ్డి ఉంది. దాని గింజకు మెలితిరిగిన పొడవాటి తోక ఉంటుంది. తడికి ఆ మెలిక విడుతుంది, ఎండకు మళ్ళీ బిగుసుకుంటుంది. అలా తిరుగుతూ తిరుగుతూ గింజ బరమాలాగా రాళ్ళ సందులోకి దిగిపోతుంది. ఇంత గట్టి నేలలో విత్తనం వేయడానికి ఇంతకంటే మంచి గొర్రు లేదు. ఇక్కడే పెరిగే మరో గడ్డి బోద. దాన్ని కోసి ఇళ్ళ కప్పులకు వాడతారు.

చెట్లు నాటితేనే గుట్ట బాగుపడుతుందన్న మాట మనకు బాగా అలవాటైంది. మూరెడు కింద బండ ఉన్నచోట గుంట తవ్వి మొక్క పెడితే, ఆ గుంట ఎండాకాలంలో కుంపటి. ఇక్కడే దీనికి జవాబు కూడా ఉంది. ముష్టికోవెల, కోగిర తదితర గ్రామాల వాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 1990ల తొలినాళ్ళ నుంచి తమ గుట్టలను కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు కల్పవల్లిగా పిలిచే ఆ ప్రాంతం 7 వేల ఎకరాలకు పైమాటే. వాళ్ళు చేసినదాంట్లో పెద్ద పని నాటడం కాదు, ఆపడం. మంటలను ఆపారు, విచ్చలవిడి నరుకుడును ఆపారు. మట్టిలో బతికున్న మోళ్ళూ దుంపలూ తమంతట తామే లేచాయి. వంకల వెంట ఈతచెట్లు పెరిగాయి, వాటి ఆకుతో బుట్టలూ చీపుర్లూ అల్లుకుంటారు. కృష్ణజింకలు, తోడేళ్ళు తిరుగుతున్నాయి. తోడేలంటే కాపరికి ఏమంత సంతోషం ఉండదు, అది వేరే సంగతి.

2010 తర్వాత ఈ గుట్టల నెత్తిన గాలిమరలు లేచాయి. గాలి కరెంటు అవసరమే, దాన్ని తప్పుపట్టను. పొరపాటు దారుల దగ్గర జరిగింది. భారీ రెక్కలను మోసే లారీల కోసం వాలును అడ్డంగా కోసి, తవ్విన మన్నూ రాయీ పక్కకు నెట్టేశారు. లోపలికి ఇంకి జారాల్సిన నీరు, అలా కోసిన దారి వెంట పారి, ఒక్కచోట గుమ్మరించినట్టు దిగి, ఆ మన్నుతో వంకలను పూడ్చింది. రెవెన్యూ పుస్తకాల్లో బంజరుగా రాసి ఉన్న భూమికి ఎంత నష్టం జరిగినా లెక్కగట్టే గడి ఉండదు. మట్టి లోతు, వాలు, నీరు ఇంకే తీరు చూడకుండా గుట్ట మీద దారికి అనుమతి ఇవ్వకూడదు. ఇది పర్యావరణవాదుల కోరికగా కాదు, దిగువన చెరువున్న ప్రతి గ్రామ పంచాయతీ డిమాండుగా రావాలి.

చూడాలనుకునేవాళ్ళు అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళండి. గడ్డి నడుము ఎత్తుకు లేచి ఉంటుంది, వంకల్లో ఇంకా నీళ్ళుంటాయి. జనవరి నుంచి ఎండుగడ్డి కాలం, జేబులో అగ్గిపెట్టె ఉంటే కారులోనే వదిలి ఎక్కండి.