కాలు వంకర బిడ్డ, కన్నతల్లి మీద నింద

బొగ్గు గనుల ఊరు గోదావరిఖని క్వార్టర్లలో బిడ్డ కాలో చెయ్యో తేడాగా పుడితే, చూడవచ్చినవాళ్ల మొదటి ప్రశ్న తల్లికే: "గ్రహణం పూట ఏం చేసినవ్ బిడ్డా?" ఏ తప్పూ చేయని ఆడమనిషిని ఏళ్ల తరబడి దోషిగా నిలబెట్టే ప్రశ్న అది.

అపోహ: గ్రహణం నాడు కూరగాయలు తరిగితే బిడ్డకు వేళ్లు పోతాయి.

నెల తప్పి రెండు వారాలు దాటేసరికి పిండానికి చేతుల మొలకలు వస్తాయి. ఒకటి రెండు రోజుల తేడాతో కాళ్ల మొలకలు కనిపిస్తాయి. మొదట అరచేయి తెడ్డులా పలకగా ఉంటుంది. తర్వాత వేళ్ల మధ్య కణాలు వాటంతటవే చచ్చిపోయి వేళ్లు విడివడతాయి. బాతు పాదంలో ఆ కణాలు మిగిలిపోతాయి కాబట్టే దాని వేళ్ల మధ్య పొర ఉంటుంది. మన బిడ్డలో అలా మిగిలితే వేళ్లు అతుక్కుని పుడతాయి. నెల తప్పిన ఆరు వారాలకల్లా ఈ పని ఇంచుమించు పూర్తయిపోతుంది. అయిదో నెలలో పట్టిన గ్రహణం అప్పటికే ఏర్పడిన వేళ్లను ఎలా మాయం చేస్తుంది? అరుదుగా ఉమ్మనీటి సంచి పొర చిరిగి, దాని పోగులు వేలికి చుట్టుకుని నొక్కేస్తాయి. దానికీ కత్తిపీటకూ సంబంధం లేదు.

అపోహ: ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ) బ్లాస్టింగ్, బొగ్గు దుమ్ము వల్లే ఇలా పుట్టాడు.

పేలుళ్ల అదురుకు పిండం కాలు వంకర పోదు. దుమ్ము సంగతి వేరు. కలుషితమైన గాలి వల్ల బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ముప్పు పెరుగుతుంది. దుమ్ము తగ్గించమని గట్టిగా అడిగే హక్కు ఈ ప్రాంతానికి ఉంది. అంతమాత్రాన ఒక బిడ్డ పాదాన్ని చూసి ఇది దుమ్ము పనే అని ఎవరూ తేల్చలేరు. చాలా లోపాలకు ఒకే కారణం దొరకదు కూడా.

అపోహ: చిన్న మాత్రే కదా, మెడికల్ షాపులో అడిగి వేసుకోవచ్చు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణులు వేవిళ్లకూ వాడారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేలోపు పలు దేశాల్లో పది వేలకు పైగా పిల్లలు దెబ్బతిన్నారు. కొందరికి భుజం దగ్గరే అరచేయి ఉంది. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవంటూ అనుమతి ఇవ్వలేదు. అక్కడ ఎందరో పిల్లలు అలా బయటపడ్డారు. నేటి ప్రమాదం, గర్భం వద్దనుకుని డాక్టరు చీటీ లేకుండా మింగే మిసోప్రోస్టాల్. గర్భం పోక నిలిస్తే బిడ్డ చేతులు, కాళ్లు దెబ్బతినవచ్చు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవారు, షుగర్ ఉన్నవారు గర్భం దాల్చక ముందే డాక్టరుతో మాట్లాడాలి. మందు తమంతట తాము ఆపేయకూడదు.

అపోహ: ఆరో వేలికి దారం కడితే రాలిపోతుంది.

లోపల ఎముక ఉండొచ్చు, పుండు పట్టొచ్చు. ఎక్స్‌రే తీసి డాక్టరే తేల్చాలి. చాలాసార్లు ఇది వంశపారంపర్యం. అదృష్టమూ కాదు, దోషమూ కాదు.

అపోహ: వంకర పాదం నూనె మర్దనతో, వయసుతో సర్దుకుంటుంది.

అసలైన వంకర పాదం అలా సర్దుకోదు. సుమారు వెయ్యి జననాల్లో ఒకరికి ఇది కనిపిస్తుంది. అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి రూపొందించిన పద్ధతిలో వారానికోసారి పిండికట్టు మారుస్తూ పాదాన్ని మెల్లగా తిప్పుతారు. మామూలుగా అయిదారు కట్లు పడతాయి. చాలామందికి మడమ వెనక నరంలా కనిపించే స్నాయువును చిన్న గాటుతో వదులు చేస్తారు. ఆ తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, అటుపై నాలుగైదేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు ప్రత్యేక బూట్లు వేయాలి. కాలు బాగైందని మధ్యలో మానేస్తే పాదం మళ్లీ వంకర పోతుంది. ఇది తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వంకర పాదానికి పరీక్ష, చికిత్స ఉచితం. బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే ఏరియా ఆసుపత్రిలోనో ప్రభుత్వ ఆసుపత్రిలోనో చూపించండి. ఆ తల్లిని గ్రహణం గురించి అడగకండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి.