బ్రేకు తొక్కితే ఆరిపోయే లైటు

పాత మారుతి 800ల్లో రాత్రిపూట ఒక వింత కనిపిస్తుంటుంది. లైట్లు వేస్తే వెనక రెండు వైపులా ఎర్రగా బాగానే వెలుగుతాయి. బ్రేకు తొక్కగానే ఒకవైపుది మరింత వెలగాల్సింది పోయి పూర్తిగా ఆరిపోతుంది. కొత్త బల్బు వేసినా అదే తంతు. తప్పు బల్బుది కాదు, ఎర్త్‌ది.

వెనక బల్బు ఒక్కటే అయినా లోపల ఫిలమెంట్లు రెండు. రాత్రి వెలిగేది 5 వాట్లు, బ్రేకుది 21 వాట్లు. రెండింటికీ కరెంటు వేర్వేరు వైర్ల మీద వస్తుంది. తిరిగి పోవడానికి మాత్రం దారి ఒకటే: బల్బు తొడుగు, హోల్డరు, కారు బాడీ. ఎర్త్ అంటే ఈ దారే. ఇది తెగితే 5 వాట్ల ఫిలమెంటు దాటిన కరెంటు ఊరుకోదు. 21 వాట్ల ఫిలమెంటులోకి దూరి, బ్రేకు వైరు వెంట ఎదురు నడిచి, అవతలి వైపు బల్బుకు చేరి అక్కడి మంచి ఎర్త్‌లో దిగుతుంది. 5 వాట్ల ఫిలమెంటుకే నిరోధం చాలా ఎక్కువ కాబట్టి వోల్టేజిలో సింహభాగం దానికే దక్కుతుంది. చూసేవాళ్లకు లైటు మామూలుగానే ఉంటుంది. ఇప్పుడు బ్రేకు తొక్కితే రెండు వైర్లలోనూ 12 వోల్టులే. రెండు కొసలా వోల్టేజి సమానమైనప్పుడు మధ్యలో కరెంటు పారదు. ఇండికేటర్‌కూ అదే ఎర్త్ ఉంటే, బ్రేకు తొక్కినప్పుడు అది మసకగా వెలుగుతుంది. ఈ లక్షణాలు చూసి వైరింగ్ మొత్తం మార్చాలనేవాళ్లు ఉంటారు. తొందరపడి ఒప్పుకోవద్దు.

పూర్తిగా తెగిన ఎర్త్ కంటే సగం చెడిన కాంటాక్టే ఎక్కువ చికాకు. కంటికి నున్నగా ఉన్న రెండు లోహాలు నిజంగా తాకేది కొన్ని సూక్ష్మమైన మిట్టల దగ్గరే. స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త రాగ్నర్ హోల్మ్ దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు. కరెంటంతా ఆ చుక్కల గుండానే ఇరుక్కుని పోవాలి. కారు కుదుపులకు ఆ చుక్కలు రాసుకుని, తగరం పూత అరిగి, పొడి ఆక్సైడై మధ్యలో చేరుతుంది. ల్యాంపు రబ్బరు ఎండి వాన నీరు దిగితే చిలుం తోడవుతుంది. అక్కడ ఒక్క ఓమ్ నిరోధం పెరిగినా చాలు, బ్రేకు వెలుగు మూడో వంతుకు పైగా పడిపోతుంది. పైగా ఆ చిన్న చోట రెండు వాట్లకు మించి వేడి పుడుతుంది. ఆ వేడికి స్ప్రింగు బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే నిరోధం ఇంకా పెరుగుతుంది.

బల్బు తీసి అడుగు చూడండి. కొత్త బల్బుకు సీసం చుక్కలు రెండూ గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. చెడిన చోట చుక్క అణిగి, నడుమ నల్లటి గుంట పడి ఉంటుంది. అలాంటి బల్బు వెలుగుతున్నా మార్చేయడమే మంచిది. హోల్డరులోని రేకులను ఉప్పుకాగితంతో గీకేస్తే వెంటనే వెలుగు వస్తుంది, కానీ తగరం పూత పోయి ఇత్తడి బయటపడి మళ్లీ త్వరగా నల్లబడుతుంది. పెన్సిలు రబ్బరుతో రుద్దడం మేలు. రేకును కొంచెం పైకి వంచి చూడాలి. వేలితో నొక్కితే తిరిగి లేవకపోతే హోల్డరే మార్చాలి. బాడీకి బిగించిన ఎర్త్ స్క్రూ విప్పి, రంగూ తుప్పూ గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక బిగించి, పైన పలచగా వాజెలిన్ పూయాలి.

మల్టీమీటరు బీప్ మోగిందంటే ఎర్త్ బాగున్నట్టేనని చాలామంది తేల్చేస్తారు. ఆ పరీక్షలో మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలోనే. బ్రేకు ఫిలమెంటుకు కావలసింది సుమారు 1.75 ఆంపియర్లు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా బీప్ మోగిస్తుంది. కాబట్టి పని చేయిస్తూనే కొలవాలి. ఎవరినైనా బ్రేకు తొక్కి ఉంచమని, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన హోల్డరు తొడుగుకూ మరొకటి బ్యాటరీ నెగెటివ్‌కూ తాకించండి. 0.1, 0.2 వోల్టులు వస్తే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు చూపిస్తే మళ్లీ ఆ స్క్రూ దగ్గరికే వెళ్లాలి.