మందు ఉచితమే, మింగించడమే కష్టం

బాల్కొండ: పొద్దు పొడిచేసరికి ఈ ప్రాంతంలోని అరుగుల మీద, వాకిళ్ల ముందు బీడీల చాటలు కనిపిస్తాయి. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ ఆడవాళ్లు ఒంచిన తల ఎత్తరు. వెయ్యి బీడీల లెక్క తేలాలి కదా. నడుమ నడుమ దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గును ఎవరూ పట్టించుకోరు. "తంబాకు ఘాటుకు వచ్చే దగ్గే, అదే పోతది" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. అయితే ఒక్కోసారి అది క్షయ దగ్గు. రెండింటికీ తేడా చెవికి తెలియదు, తెమడ పరీక్షకే తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా బీడీ గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రం పూట జ్వరం కాస్తున్నా, మనిషి చిక్కిపోతున్నా, తెమడలో రక్తపు చార కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు గాని, మందులకు గాని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్క పైసా తీసుకోరు. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు, రోగి బరువును బట్టి ఇన్ని మాత్రలని లెక్క. మూత్రం ఎర్రగా వస్తుంది. ఇది రిఫాంపిసిన్ అనే మందు రంగే తప్ప రక్తం కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగి బెదిరిపోయి మూడో రోజుకే మాత్రలు పెంటకుప్ప మీద పారేస్తాడు.

అసలు కష్టం మాత్రం రోగం కుదుటపడ్డాక మొదలవుతుంది. నెలా రెండు నెలలకు దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. పసుపు తవ్వకాలు వచ్చాయంటే కూలికి పోవాలి. పొద్దున మాత్రలు మింగితే వాంతి వచ్చినట్టుంటుంది, ఎండలో పని చేయలేరు. "నిమ్మళమైంది గద, ఇంక మందెందుకు" అని ఆపేస్తారు. లోపల మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం అక్కడే ఉంది. అలా మొండికేసిన క్షయకు ఆరు నెలల మందు చాలక, ఇరవై నెలల దాకా చికిత్స తీసుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇటీవల దానికీ ఆరు నెలల కొత్త మందుల వరుస వచ్చింది గాని, అందరు రోగులకూ అది సరిపడదు.

ఇంటి దగ్గరే వైద్యం అన్నది మొదటి నుంచీ ఉన్నది కాదు. పూర్వం క్షయ అంటే అనంతగిరికో, హైదరాబాదులోని ఎర్రగడ్డకో పోయి నెలల తరబడి మంచం పట్టడమే. పోయినవారు తిరిగి వస్తారన్న నమ్మకం ఇంట్లోవారికి ఉండేది కాదు. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. పేదవాడల్లోని రోగులను కొందరిని ఆసుపత్రిలో ఉంచి, మరికొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవారికి కూడా ఆసుపత్రి రోగులకు దీటుగా నయమైందని, ఇంటిల్లిపాదికీ అంటుకునే భయమూ అందువల్ల పెరగలేదని తేలింది. ప్రపంచంలో క్షయ వైద్యం తీరే దానితో మారిపోయింది. ఆసుపత్రి మంచాల ఖర్చు తప్పింది. కాని మంచం పక్కన నిలబడి మందు మింగించే నర్సు కూడా దానితోపాటే తప్పింది. ఆ పని ఎవరో ఒకరు ఊళ్లో చేయాలి. ఆ భారం ఇప్పుడు ఎ.ఎన్.ఎం. మీద, ఆశ కార్యకర్త మీద పడింది.

దీర్ఘకాలం ఓపికగా మందు ఇప్పించడం ఈ జిల్లాకు కొత్త కాదు. స్కాట్లాండు నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ దానికి విరాళమిచ్చారు. చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లే దిక్కయిన ఆ కాలంలో రోగులు నెలలూ ఏళ్లూ అక్కడ ఉండేవారు. 1980వ దశకంలో కుష్ఠుకు కొన్ని మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. నెలకొక మోతాదును కార్యకర్త ఎదుటనే మింగాలని అందులో నియమం పెట్టారు. ఆ మోతాదులోనిది కూడా ఈ రిఫాంపిసినే. క్షయకు 1997 నుంచి దశలవారీగా దేశంలో అమలైన 'డాట్స్' పద్ధతిలోనూ కళ్ల ఎదుట మందు మింగించడమే ముఖ్యం. మొదట వారానికి మూడు రోజులు ఇచ్చేవారు, 2017 నుంచి రోజూ ఇస్తున్నారు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశ కార్యకర్త ఏర్పడింది. గర్భిణుల పేర్లు రాసుకోవడం, కాన్పుకు వెంట పోవడం, పిల్లలకు టీకాలు, జ్వరాల సర్వే, బి.పి., షుగర్ మాత్రలు ఇవన్నీ అయ్యాక క్షయ రోగి ఇల్లు. ఆమె కూడా అదే ఊరి కోడలు. రోగి ఆమెకు వరుసకు మామో, బావో అవుతాడు. వరుసైనవాడిని మందలించడం తేలిక కాదు. కల్లు తాగి వచ్చినవాడికి, "మామా, ఈ మందు మీద తాగితే కాలిజం చెడిపోతది" అని చెప్పి, మాత్ర మింగేదాకా గడపలో నిలబడాలి. కామెర్లు వచ్చాయేమోనని కళ్లు చూడాలి. వస్తే మందు ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఈ చదువంతా ఆమె కాలేజీలో చదివింది కాదు.

ఆడవాళ్ల విషయంలో మరో తంటా. కొత్తగా పెళ్లైన పిల్లకు క్షయ అని తెలిస్తే అత్తింటివారు పుట్టింటికి పంపేస్తారన్న భయం. అందుకని కొందరు తల్లులు పేరు రాసుకోవద్దని బతిమాలుతారు. పేరు రాసుకోకపోతే మందు సంచి రాదు, రాసుకుంటే గుట్టు బయటపడుతుందని బెంగ. కార్యకర్త టీకా పేరుతోనో, రేషన్ కార్డు మాట అడిగే పేరుతోనో ఆ ఇంటికి పోయి మందు అందించి రావలసి వస్తుంది.

మగవాళ్ల భయం గల్ఫ్‌ది. దుబాయి, సౌదీ, కువైట్ పోవాలనుకునేవారికి వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. క్షయ పూర్తిగా నయమైనా, ఊపిరితిత్తిలో పాత మచ్చ కనిపిస్తే 'అన్‌ఫిట్' అని తిప్పి పంపేస్తారు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినవాడికి ఈ మాట పిడుగుపాటే. అందుచేత దగ్గున్న కుర్రవాడు పరీక్షకు రాడు, ఆర్.ఎం.పి. దగ్గర దగ్గు మందు పోయించుకుంటాడు. ఆలస్యమైన కొద్దీ ఊపిరితిత్తి మరింత చెడుతుంది, మచ్చ మరింత పెద్దదవుతుంది. త్వరగా పట్టుకుంటేనే మచ్చ మిగలకుండా పోయే అవకాశం ఎక్కువన్న సంగతిని ఏజెంటు చెప్పడు, చెప్పవలసింది కూడా ఆ ఆశ కార్యకర్తే.

కార్యకర్త చేతిలో లేనివి కూడా కొన్ని ఉన్నాయి. 2020లో కోవిడ్ వచ్చి ఆమెను జ్వరాల సర్వేకు, క్వారంటైన్ ఇళ్ల కాపలాకు తిప్పింది. దేశం మొత్తం మీద 2019లో 24 లక్షల మంది క్షయ రోగులు నమోదు కాగా, 2020లో అది 18 లక్షలకు పడిపోయింది. రోగం తగ్గి కాదు, చూసేవారు లేక. 2024 మార్చిలో కొన్ని క్షయ మందుల సరఫరా ఆలస్యమైందని, స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఒక్కరోజు కూడా ఆపవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పినావిడ, అటువంటప్పుడు రోగి ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

తిండి మాట కూడా ఉంది. 2018 ఏప్రిల్ నుంచి చికిత్సలో ఉన్న రోగి బ్యాంకు ఖాతాలో పోషణ కోసం నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలు చేశారు. గుడ్లు, పప్పు, పాలకు కొంత ఆసరాయే. బ్యాంకు ఖాతా లేనివారికి, ఆధార్ సరిపోలనివారికి మాత్రం తిరుగుడు తప్పదు, వారి వెంట కార్యకర్తకూ తప్పదు. ఆమెకు వచ్చేది జీతం కాదు, పారితోషికం. స్థిర వేతనం కోసం తెలంగాణ ఆశ కార్యకర్తలు 2015లో నెలల తరబడి సమ్మె చేశారు. 2023లో మళ్లీ 18 వేల రూపాయల వేతనం కోరుతూ రోడ్డెక్కారు.

ఒక రోగికి ఆరు నెలలు నిండితే పని తీరిపోయిందని కాదు. ఆ ఇంట్లో ఉన్న మిగతావారికి, పిల్లలతో సహా, పరీక్ష చేసి, జబ్బు లేదని తేలితే రాకుండా ఉండేందుకు నివారణ మాత్రలు ఇస్తున్నారు. చాట ముందు కూర్చున్న అత్తగారు, "దగ్గు లేనోళ్లకు మందెందుకమ్మా" అని అడుగుతుంది. ఆశ కార్యకర్త సంచి దించి అరుగు మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పుకు వస్తుంది.