మూత్రపిండము – దాని బంధువర్గము

ఉన్నత పాఠశాల పాఠ్యగ్రంథాలలో మానవ శరీరాన్ని మండలాలుగా విభజించి చెప్పడము ఆచారము. జీర్ణమండలము ఒక అధ్యాయము, శ్వాసమండలము మరొకటి. తరువాత రక్తప్రసరణ, విసర్జన, నాడీమండలము, అస్థిపంజరము, వినాళ గ్రంథులు. బోధనకు ఈ విభజన అవసరమే. అయితే, మూత్రపిండపు పటము గీసి, భాగాలు గుర్తించి, ఇది విసర్జన అవయవము అని వ్రాసిన విద్యార్థికి, ఆ అవయవానికి ఎముకలతోను, గుండెతోను, మెదడుతోను ఉన్న సంబంధమేమిటో తెలియకుండానే సంవత్సరము గడిచిపోతున్నది. శరీరంలో అధ్యాయాలు లేవు గదా!

ఈ సంగతి గ్రహించడానికి శ్రీకాకుళం జిల్లా వారు దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు. జిల్లాకు ఉత్తరాన, సముద్రతీరాన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో వ్యాపించిన ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. (ఇవి రెవిన్యూ మండలాలు, శరీరశాస్త్రపు మండలాలతో పొరపడరాదు.) ఉద్యానమన్న మాటే ఉద్దానమయిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కంటికి చల్లగా కనిపించే ఈ ప్రాంతంలో కొన్ని దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ప్రబలి ఉన్నది. సామాన్యంగా ఈ వ్యాధికి మధుమేహము, రక్తపుపోటు ప్రధాన కారణాలు. ఉద్దానంలోనో, ఈ రెండూ లేనివారికి, తోటలలో పనిచేసి బ్రతికేవారికి, నడివయసులోనే ఇది సోకుతున్నది. శ్రీలంకలో అనూరాధపురము వైపు వరిపొలాలు చేసుకొనే వారిలోను, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల చెరకుతోటల కూలీలలోను ఇటువంటి వ్యాధే కనబడింది.

మూత్రపిండాలు రెండు. నడుముకు పైన, వెన్నెముకకు అటొకటి ఇటొకటిగా, వీపుగోడకు ఆనుకొని ఉంటాయి. ఒక్కొక్కటి పిడికిలంత, బరువు సుమారు 150 గ్రాములు. రెండూ కలిపినా మనిషి బరువులో నూటికి అరపాలే. అయినప్పటికీ గుండె నిమిషానికి తోడే 5 లీటర్ల రక్తంలో ఇంచుమించు అయిదవ వంతు వీటికే చేరుతుంది. ఇంత రక్తము వాటి పోషణకు కాదు, వడపోతకు. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రానులనే సూక్ష్మమైన వడపోత గొట్టాలు ఉన్నవి. ఇవన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడియగడతాయి. అందులో మూత్రమై బయటికి వచ్చేది లీటరున్నర మాత్రమే; తక్కినదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. భోగికి ముందు ఇల్లాలు సామానంతా వాకిట వేసి, కావలసినవి ఏరి లోపలికి తెచ్చుకొని, చెత్తను వదలివేస్తుంది చూడండి, మూత్రపిండపు పద్ధతి అదే. ఏది ఎంత ఏరుకోవాలో మాత్రము అది ఒంటరిగా నిర్ణయించుకోలేదు.

ఎండాకాలపు మిట్టమధ్యాహ్నము. ఉదయము చోడి అంబలి త్రాగి వచ్చిన ఒక మనిషి చెట్టు తరువాత చెట్టు ఎక్కి కొబ్బరికాయలు దింపుతున్నాడనుకొందాము. కండరాలు పనిచేసినకొద్దీ వేడి పుడుతుంది. రక్తము ఆ వేడిని చర్మానికి మోసుకొని పోతుంది. చర్మము చెమట పోసి చల్లబరుస్తుంది. కష్టమైన పనిలో గంటకు లీటరు చెమట పోవడము విశేషము కాదు. చెమటలో ఉప్పు ఉన్నా రక్తంలో కంటె తక్కువ. అందుచేత నీరు పోయినకొద్దీ రక్తము ఉప్పదేరుతుంది. ఈ మార్పు నూటికి ఒకటి రెండు పాళ్ళయితే చాలు, మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ పసిగడుతుంది. అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, దాహము పుట్టించడము. రెండవది, పీయూష గ్రంథి ద్వారా ఒక హార్మోనును రక్తంలోకి విడవడము. ఆ హార్మోను నెఫ్రానుల చివర ఉన్న సేకరణ నాళాలను చేరగానే అవి నీటిని మరింతగా వెనుకకు లాగుకొంటాయి. మూత్రము కొద్దిగా, చిక్కగా, పచ్చగా వస్తుంది.

ఇంతలో మూత్రపిండము తన వంతు వేరొక పని మొదలుపెడుతుంది. తనకు వచ్చే రక్తపు ఒత్తిడి తగ్గిందని తెలియగానే అది రెనిన్ అనే ఎంజైమును విడుస్తుంది. కాలేయము ముందే తయారుచేసి రక్తంలో ఉంచిన ఒక ప్రోటీనును రెనిన్ ఛేదిస్తుంది. ఆ తునుక ఊపిరితిత్తుల గుండా పోయేటప్పుడు, అక్కడి కేశనాళికల గోడలలోని మరొక ఎంజైము దానిని ఇంకా కత్తిరించి ఆంజియోటెన్సిన్‌గా మార్చుతుంది. ఇది రక్తనాళాలను బిగింపజేసి ఒత్తిడిని నిలబెడుతుంది. మూత్రపిండాల నెత్తిమీద టోపీవలె కూర్చున్న అధివృక్క గ్రంథులను కూడా ఇది ప్రేరేపిస్తుంది. అవి ఆల్డోస్టిరోను అనే హార్మోనును పంపి, ఉప్పును పోనీయవద్దని మూత్రపిండానికే చెబుతాయి. చూడండి: మూత్రపిండము వ్రాసిన ఉత్తరము కాలేయము, ఊపిరితిత్తులు, అధివృక్క గ్రంథి తిరిగి మళ్ళీ మూత్రపిండానికే చేరింది! దీనిని ఏ అధ్యాయంలో చేర్చాలి? విసర్జన అనాలా, శ్వాస అనాలా, వినాళ గ్రంథులనాలా? తరగతిలో ఈ ప్రశ్న వేసి, నల్లబల్ల మీద పిల్లల చేతనే బాణపు గుర్తులు గీయిస్తే, పటము గీయించినదాని కంటె ఎక్కువ ఫలితముంటుందని నా నమ్మకము.

ఇటువంటి ఎండ, ఇటువంటి చెమట ఏళ్ళ తరబడి మూత్రపిండాన్ని నలగగొట్టడమే ఉద్దానం వ్యాధికి ఒక కారణము కావచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. భూగర్భజలంలోని ఖనిజాలను, పురుగుమందులను, ఒళ్ళునొప్పుల మాత్రలను, వంశపారంపర్య లక్షణాలను కూడా అనుమానించారు. ఏ ఒక్కటీ ఇంతవరకు నిర్ధారణ కాలేదు. ఇవే కారణమని ఢంకా బజాయించి చెప్పేవారి మాట నమ్మదగినది కాదు.

మూత్రపిండము చెడినప్పుడు మొదట మూత్రపు బాధలే కనబడాలి గదా అనుకొంటాము. ఈ వ్యాధిలో అలా జరగడము అరుదు. వడపోత గొట్టాల చుట్టూ ఉన్న కణజాలము మెల్లమెల్లగా మచ్చకట్టుతుంది. మూత్రంలో ప్రోటీను అంతగా పోదు. మొదట్లో వాపులూ ఉండవు. రోగి చెప్పుకొనేది ఆయాసము, నిస్సత్తువ. ముఖము పాలిపోయి ఉంటుంది. తిండి చాలక రక్తము లేదని ఇంట్లోవారు అనుకొంటారు. అసలు సంగతి వేరు. ఎర్ర రక్తకణాలు పుట్టేది ఎముకమూలుగలోనే అయినా, పుట్టించుమని ఆజ్ఞ పంపేది మూత్రపిండము. రక్తంలో ప్రాణవాయువు తగ్గినట్లు కనిపెట్టి అది ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును విడుస్తుంది. ఎర్రకణాల ఆయుర్దాయము సుమారు 120 రోజులు. ఆజ్ఞ రాకపోతే పోయినవాటి స్థానంలో కొత్తవి చాలినన్ని పుట్టవు. ఇనుపధాతువు మాత్రలొక్కటే మ్రింగితే ఈ పాండురోగము కుదరదు.

ఎముకల సంగతీ అంతే. ఎండ తగిలి చర్మంలో పుట్టిన డి విటమిను, కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండంలో రెండవ మార్పు పొందితేగాని పనికి రాదు. ఆ రెండవ మార్పు జరగకపోతే ప్రేవులు తిండిలోని కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. అప్పుడు గొంతులోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలను కరిగించి రక్తానికి కాల్షియము అప్పు తెస్తాయి. అందుచేతనే, రోజంతా ఎండలో ఉండే మనిషికి కూడా ఎముకల నొప్పులు వస్తాయి.

ఆమ్లము పేరుకొంటే ఊపిరితిత్తులు వేగంగా, లోతుగా శ్వాసించి, బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా బయటికి పంపి, లోటును కొంతవరకు భర్తీ చేస్తాయి. రోగి ఎగశ్వాసకు ఇది కూడా ఒక కారణము. అన్నిటి కంటె భయంకరమైనది పొటాసియము. ఇది కండరాలకు, నాడులకు అత్యవసరమైనదే. కాని రక్తంలో హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. తిండి ద్వారా వచ్చిన పొటాసియంలో అధిక భాగాన్ని బయటికి పంపేది మూత్రపిండమే. కొబ్బరిబొండం నీళ్ళలో పొటాసియము మెండు, ఒక బొండంలో అర గ్రాము దాకా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి ఎండలో అది అమృతము. వ్యాధి ముదిరిన ఉద్దానం రైతు మాత్రము తాను నాటిన చెట్టు బొండాన్ని తానే త్రాగరాదు. వైద్యులు మొదట నిషేధించేవాటిలో అదొకటి.

ఇంతదాకా రాకముందే వ్యాధిని పట్టుకొనే సాధనము రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. ఈ క్రియాటినిన్ కండరాలలో పుట్టే మలినము. దీనికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్ కండరంలో ఉన్నట్లు 1927లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు, 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావే. కండరము రోజూ ఇంచుమించు ఒకే మోతాదున దీనిని తయారుచేస్తుంది, మూత్రపిండము పారవేస్తుంది. కనుక రక్తంలో దాని మోతాదు పెరిగిందంటే వడపోత తగ్గిందన్నమాట. అయితే ఒక చిక్కున్నది. వడపోత సగానికి సగము పడిపోయేదాకా ఈ అంకె పెద్దగా కదలకపోవచ్చు. కండ లేని బక్కమనిషిలో క్రియాటినిన్ పుట్టుకే తక్కువ కనుక, జబ్బున్నా అంకె బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. అందుచేత వయసు, స్త్రీపురుష భేదము కూడా లెక్కలోకి తీసుకొని వడపోత వేగాన్ని గణిస్తారు. తోట పనికి పోయేవారు ఉన్న ఇంటి పిల్లలు ఈ పరీక్ష పేరు తెలిసి ఉండి, పెద్దలను ఏడాదికొకసారి తీసుకొనిపోగలిగితే చాల మేలు.

నెఫ్రానులు దాదాపు పూర్తిగా చెడినప్పుడు డయాలిసిస్ తప్పదు. రక్తాన్ని బయటికి తీసి, పలుచని పొర గుండా శుద్ధిచేసి తిరిగి ఎక్కించే ఈ యంత్రాన్ని 1943లో హాలెండులో కోల్ఫ్ అనే వైద్యుడు మనిషికి వాడాడు. సామాన్యంగా వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు. కూలి పోగొట్టుకొని, తోడుగా మరొక మనిషి కూలి కూడా పోగొట్టుకొని ఇన్నిసార్లు ఆసుపత్రికి పోవడము ఎంత భారమో ఆ పల్లెలవారికే తెలుసు. ఒకప్పుడు వీరిలో చాలమంది విశాఖపట్నము దాకా పోవలసి వచ్చేది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. హిరమండలం జలాశయము నుండి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు తెచ్చే పథకము కూడా అప్పుడే మొదలైంది. అయితే యంత్రము వడపోత ఒక్కటే చేయగలదు. ఎరిత్రోపోయిటిన్‌ను సూదిమందుగా, డి విటమినును మాత్రగా విడిగా ఇవ్వవలసిందే.

వేరొకరి మూత్రపిండాన్ని అమర్చే శస్త్రచికిత్స 1954లో అమెరికాలోని బోస్టన్‌లో కవలల మధ్య మొదటిసారి ఫలించింది. మన దేశంలో 1971లో వెల్లూరులో. కొత్త మూత్రపిండాన్ని పాతవాటి చోట పెట్టరు. పొత్తికడుపులో ఒక ప్రక్కన ఉంచి, అక్కడి ధమనికి, సిరకు, మూత్రాశయానికి కలుపుతారు. పాతవాటిని సామాన్యంగా అలాగే వదిలివేస్తారు. తెగిన నాడులను కలిపే ప్రయత్నము చేయరు. అయినా, అంతా సవ్యంగా సాగితే, కొద్ది రోజులలోనే కొత్త మూత్రపిండము పీయూష గ్రంథి హార్మోనుకు బదులు చెబుతుంది, పొటాసియాన్ని హద్దులో పెడుతుంది. రెండు మూడు నెలలలో రోగి ముఖంలోకి ఎరుపు వస్తుంది. ఎక్కడ కూర్చోబెట్టినా రక్తము వచ్చి పోతుంటే చాలు. ఎముకమూలుగకు దాని ఆజ్ఞ అందుతుంది.