చెవిన పెట్టవలసిన మాట

పరీక్షల కాలం ముగిసి, జవాబు పత్రాలు దిద్దినందుకు ఆరువేల రూపాయలు చేతికి వచ్చిన సాయంత్రం, ఆ డబ్బు ఏం చెయ్యాలన్న విషయంలో మా ఇంట్లో మూడు పక్షాలు బయలుదేరాయి. మా వారు మిక్సీ మార్చమన్నారు. అత్తయ్యగారు బ్యాంకులో వెయ్యమన్నారు. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి మాత్రం నా పక్షం చేరాడు. నా కోరిక కొత్త హెడ్‌ఫోన్లు!

నలభై దాటిన పంతులమ్మకు ఇదేమి సరదా అని నవ్వకండి. మాది మూడు గదుల ఇల్లు. హాల్లో అత్తయ్యగారి సీరియల్, పక్క గదిలో అబ్బాయి చదువు. రాత్రి తొమ్మిది దాటాక వంటిల్లు సర్దుకుని, కాగితాల కట్ట ముందేసుకుని, ఒక గంటసేపు ఘంటసాలవారి పాటలో బాలమురళీకృష్ణగారి కీర్తనలో వినడమే నాకంటూ మిగిలిన సుఖం. ఎవరికీ ఇబ్బంది లేకుండా వినాలంటే చెవులకు తగిలించుకునే ఆ సాధనం తప్ప గతి లేదు.

ఉన్న జత కొని ఐదేళ్లయింది. మెత్తల మీది నల్లటి తొడుగు పొరలు పొరలుగా ఊడి బుగ్గలకు అంటుకుంటోంది. అంతకంటె పెద్ద లోపం మరొకటి: పాట నడినెత్తిన వినిపించకుండా కుడివైపుకు ఒరిగిపోతోంది. ఎడమ పక్కది పాడైపోయిందని నిశ్చయించుకుని బజారుకు వెళ్లాను. దుకాణంలోని కుర్రవాడు మర్యాదస్తుడు. “మేడమ్, హెడ్‌ఫోన్లు మారిస్తే చాలదు, దీనికి ఆంప్లిఫయరుండాలి, దానికి ఫలానా వైరుండాలి” అని ఒకదానికొకటి తగిలిస్తూ పోయాడు. లెక్క పద్నాలుగు వేలకు తేలింది. ఇంట్లో అడిగి వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఇంటికి వచ్చి గోడు వెళ్లబోసుకుంటే అబ్బాయి తాపీగా, “అమ్మా, దాన్ని తిరగేసి పెట్టుకుని చూశావా?” అన్నాడు.

“తిరగెయ్యడమేమిటిరా?”

“కుడిది ఎడమ చెవికీ, ఎడమది కుడి చెవికీ పెట్టుకో. పాట ఒరగడం ఎడమవైపుకు మారితే తప్పు వస్తువుది. మారకపోతే తప్పు నీ చెవిది.”

1957 నాటి ‘మాయాబజార్’ వంటి సినిమాల పాటలు మోనో పద్ధతిలో ఉన్నవి. అంటే రెండు చెవులకూ అందేది ఒకే ధ్వని. కనుక గాయకుడి గొంతు సరిగ్గా తల నడుమ నిలబడాలి. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. నేను తిరగేసి పెట్టుకున్నాను. పాట మళ్లీ కుడికే ఒరిగింది!

మర్నాడు చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఎడమ చెవిలో గులిమి గట్టిపడి ఉన్నదని, పది నిమిషాల్లో తీసేశారు. ఇంటికి వచ్చి వింటే పాట నడిమికి వచ్చి కూర్చున్నది. అంటే పద్నాలుగు వేల రూపాయల ఆ సరంజామా అంతా తెచ్చుకున్నా పాట కుడికే ఒరిగి ఉండేదన్నమాట! (ఈ పని పిన్నులతోనూ అగ్గిపుల్లలతోనూ ఇంట్లో చేయబోకండి. గులిమి లోపలికి పోతుంది, కర్ణభేరికి దెబ్బ తగిలే ప్రమాదమూ ఉన్నది.)

కథ ఇంతటితో అయిపోతే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. ఆ రోజే వినికిడి పరీక్ష కూడా చేశారు. కాగితం మీది గీత రెండు చెవులకూ 4000 హెర్ట్జుల దగ్గర చిన్న గుంటలో పడ్డట్టు కిందికి దిగి ఉంది. “పెద్ద చప్పుళ్ల మధ్య పని చేస్తారా?” అని అడిగారు డాక్టరుగారు. కాలేజీలో పాఠం చెబుతానన్నాను. “చెవుల్లో పెట్టుకుని వింటారా?” అన్నారు. నేను మాట్లాడలేదు.

అప్పుడు ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. మొన్నామధ్య ఛందస్సు పాఠంలో వెనక బెంచీ అమ్మాయి యతి స్థానంలో ఉన్న అక్షరం ‘స’ అన్నది. నాకు ‘శ’ అని వినిపించింది. తప్పని దిద్దాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని కూర్చున్నది. శషసల మధ్య యతిమైత్రి ఉన్నది గనుక పద్యానికి నష్టం లేదుగాని, నిజానికి తప్పు విన్నదాన్ని నేను. శషసలను ఒకదానినుంచి ఒకటి వేరుచేసి చూపేవి సన్నని హెచ్చు శ్రుతి ధ్వనులు. అధిక ధ్వని మొదట కాజేసేది సరిగ్గా ఆ వినికిడినే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కణాలు ఒకసారి నశిస్తే మనిషికి మళ్లీ మొలవవు. ఉన్నదాన్ని కాపాడుకోవడమొక్కటే మనం చేయగలిగింది.

ఎంత ధ్వని ఎంతసేపు వినవచ్చునో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక కొలత చెప్పింది. పెద్దలకు 80 డెసిబెల్సు చొప్పున వారానికి 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్సు. ఇందులో ఒక మెలిక ఉంది. మూడేసి డెసిబెల్సు పెరిగినప్పుడల్లా కాలం సగమైపోతుంది. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. మనకు కాస్త పెంచినట్టే ఉంటుంది, చెవి ఖాతాలో మాత్రం సగం డబ్బు ఖర్చయిపోతుంది.

అయితే నేను అంత ఎందుకు పెంచాను? పెంచాలని కాదు, పెంచక తప్పలేదు. తలమీద ఫ్యాను, పక్కన టీవీ. ఆ రెండింటినీ పాటతో ముంచెయ్యాలి. ఊడిపోయిన మెత్తల సందుల్లోంచి మృదంగం తాలూకు మంద్రనాదం జారిపోతుంది. అది వినపడాలని మరికాస్త పెంచాలి. పాత ల్యాప్‌టాప్‌లో తగిలిస్తే సన్నగా ‘స్‌స్‌’ మంటూ రొద, దానిపైకి మరికాస్త. ఇలా మూడు లోపాలకూ మందు ఒకటే అనుకున్నాను. మందు మోతాదు మించింది.

కనుక బేరానికి నాకు కొత్త కొలబద్ద దొరికింది: ఏ మార్పువల్ల తక్కువ ధ్వనిలోనే అంతా స్పష్టంగా వినిపిస్తుందో అదే మేలైన మార్పు. మొదటినుంచీ ఈ సాధనం ధర్మం అదే. 1910లో అమెరికాలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి ఆ దేశపు నౌకాదళానికి పంపాడు. సన్నని వైర్‌లెస్ సంకేతాలను పట్టుకోవడం కోసం వాటిని వాడారు. సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోన్లు జాన్ కాస్ 1958లో తీసుకువచ్చాడు.

ఇక నా ఖర్చు లెక్క చెబుతాను. డాక్టరుగారికి, పరీక్షకు కలిపి పన్నెండు వందలు. కొత్త మెత్తలు నాలుగు వందల యాభై. వీటిని మార్చడానికి మెకానిక్కు అక్కరలేదు, దిండు గలీబు తొడిగినట్టు తొడగడమే. మంద్రనాదం అలాగే తిరిగి వచ్చింది. మూసి ఉండే రకం హెడ్‌ఫోన్లకు మెత్త చెవి చుట్టూ గాలి దూరకుండా అతుక్కోవడమే ప్రాణం. ల్యాప్‌టాప్ రొద వదలడానికి తొమ్మిది వందలు పెట్టి బొటనవేలంత డాంగిల్ ఒకటి కొన్నాను. అంకెల రూపంలో ఉన్న పాటను ధ్వనిగా మార్చే పని అది బయటే చేస్తుంది. ల్యాప్‌టాప్ లోపలి గోల చెవిదాకా రాదు. కుర్చీని ఫ్యాను కిందినుంచి వెనక గదిలోకి జరిపాను. దానికి ఖర్చు లేదు. మొత్తం రెండువేల అయిదు వందల యాభై.

మరి ఆంప్లిఫయరు? పెట్టెమీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఓములు. 16, 32 ఓముల రకాలను మామూలుగా ఫోనే చక్కగా నడపగలదు. 250, 300 ఓముల రకాలు కొంటేనే సాధారణంగా వేరే ఆంప్లిఫయరు మాట ఆలోచించాలి. రెండోది సున్నితత్వం. ఒక్క మిల్లీవాటు శక్తికి 100 డెసిబెల్సు పలికేదైతే, దానికి మరింత బలం తగిలించడం చీమకు ఏనుగు అంబారీ కట్టినట్టే. నావి 32 ఓములవి. కుర్రవాడు చెప్పిన యంత్రం నాకు అక్కరలేదు.

కొత్త జత కొనవలసినవారు మొదట తమ గది సంగతి చూసుకోవాలి. వెనక రంధ్రాలుండే తెరిచిన రకం నిశ్శబ్దమైన గదిలో హాయిగా, విశాలంగా వినిపిస్తుంది గాని బయటి చప్పుడును అడ్డదు, మన పాటను పక్కవారికీ వినిపిస్తుంది. మా వంటి ఇళ్లకు మూసిన రకమే మేలు. దుకాణంలో రెండింటిని పోల్చేటప్పుడు రెండింటి ధ్వనీ సమానంగా ఉండేటట్టు సరిచెయ్యమని అడగండి. రవ్వంత గట్టిగా పలికేదే మేలైనదని మన చెవి పొరబడుతుంది.

మరొక మాట. ధ్వని తగ్గిస్తే పాట పలచబడినట్టుంటుంది. ఇది మన భ్రమ కాదు. తక్కువ ధ్వనిలో మంద్రస్వరాలను చెవి సరిగా పట్టదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపారు. దానికి పాటంతా పెంచనక్కరలేదు. ఫోనులో ఈక్వలైజరు ఉంటే మంద్రస్థాయి ఒక్కదాన్నీ కొంచెం ఎత్తండి. కూరలో ఉప్పు తగ్గిందని కారం కూడా కలుపుతామా?

ఇప్పుడు మునుపటి ధ్వనిలో సగానికే వింటున్నాను. మొదటి వారం వెలితిగా తోచింది. రెండో వారానికి తంబురా శ్రుతి, గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు కూడా తెలిశాయి. వెనక బెంచీ అమ్మాయిని పిలిచి, ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను. ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది.

మొన్న రాత్రి అత్తయ్యగారు వచ్చి, “ఏమిటే అంత దీక్షగా వింటున్నావు?” అన్నారు. తీసి ఆవిడ చెవులకు పెట్టాను. పాట మొదలు కాగానే ఉలిక్కిపడి, “అమ్మాయీ, ఈయన నా తలలోనే కూర్చుని పాడుతున్నాడే!” అన్నారు. నడిమినే ఉన్నాడా అని అడిగాను. నడిమినే ఉన్నాడన్నారు. నా మనస్సు కుదుటపడింది.

మిగిలిన మూడువేల నాలుగు వందల యాభై? మిక్సీకి కాదు, బ్యాంకుకూ కాదు. వచ్చే సంవత్సరం ఇంటిల్లిపాదికీ చెవులు పరీక్ష చేయించడానికని బీరువాలో పెట్టాను. ఈసారి ఇంట్లో ఒకటే పక్షం.